మందిరం వెబ్‌సైటులో చాట్‌బాట్: ఎంతవరకు?

చర్లపల్లి కొత్త రైల్వే టెర్మినల్‌ను 2025 జనవరి 6న ప్రధానమంత్రి వీడియో కాన్ఫరెన్స్ ద్వారా ప్రారంభించారు. సుమారు 413 కోట్ల రూపాయలతో కట్టిన ఈ స్టేషన్ సికింద్రాబాద్ మీద ఒత్తిడి తగ్గించడానికి వచ్చింది. దానితోపాటే ప్రయాణికులకు ఒక కొత్త ప్రశ్న కూడా వచ్చిపడింది: "మన బండి సికింద్రాబాద్ నుంచా, చర్లపల్లి నుంచా?" అదే ఏడాది మార్చిలో చెన్నై సెంట్రల్–హైదరాబాద్ ఎక్స్‌ప్రెస్, గోరఖ్‌పూర్–సికింద్రాబాద్ ఎక్స్‌ప్రెస్‌లకు చర్లపల్లి చివరి స్టేషన్ అయింది. సామాన్లు, పిల్లలు, ముసలివాళ్లతో తెల్లవారుజామున తప్పు స్టేషన్‌కు చేరిన కుటుంబానికి ఈ ప్రశ్న ఎంత పెద్దదో తెలుసు.

ఇలాంటి ప్రశ్నకు యంత్రం జవాబు చెబితే ఎవరికీ అభ్యంతరం లేదు. ఐఆర్‌సీటీసీ 2018లోనే తన వెబ్‌సైటులో 'ఆస్క్‌దిశ' అనే చాట్‌బాట్‌ను పెట్టింది. మొదట ఇంగ్లీషులో, 2020 నుంచి హిందీలో కూడా అది మాట్లాడుతోంది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2025 జనవరి 30న వాట్సాప్‌లో 'మన మిత్ర'ను 161 సేవలతో మొదలుపెట్టింది. మీ సేవ కేంద్రం ముందు వరుసలో నిలబడిన మన పెద్దవాళ్లు ఇప్పుడు ఫోన్‌లో టైపు చేసి సర్టిఫికెట్ అడుగుతున్నారు. బ్యాంకు, ఆసుపత్రి, కాలేజీ ఏ సైటు తెరిచినా కుడివైపు కింది మూలలో ఒక గుండ్రని బొత్తాం, దాని పక్కన "మీకు ఏం కావాలి?" అన్న పలకరింపు కనిపిస్తున్నాయి.

ఆ బొత్తాం ఇప్పుడు మందిరాల వెబ్‌సైట్ల దాకా వచ్చింది. చర్లపల్లి, కుషాయిగూడ, మల్లాపూర్, నాచారం, ఉప్పల్ ప్రాంతాల్లో పారిశ్రామికవాడల చుట్టూ ఎన్నో సంఘాలు పెరిగాయి. కోస్తా జిల్లాల నుంచి, ఒడిశా నుంచి పనికి వచ్చినవాళ్లు, షిఫ్టుల్లో పనిచేసేవాళ్లు, అద్దె ఇళ్లు మారుతూ ఉండేవాళ్లు ఈ సంఘాల్లో ఎక్కువ. కొత్తగా వచ్చినవాళ్లు మందిరాన్ని ముందు ఫోన్‌లోనే వెతుకుతారు. అందుకే చిన్న సంఘాలు కూడా వెబ్‌సైటు కట్టించుకుంటున్నాయి. సైటు కట్టే కుర్రవాడు "చాట్‌బాట్ కూడా పెట్టేస్తాను అంకుల్, పది నిమిషాల పని" అంటున్నాడు. సంఘ పెద్దలు మమ్మల్ని అడుగుతున్న ప్రశ్న ఇది: పెట్టించమంటారా, వద్దంటారా?

మా జవాబు ఒక్క మాటలో లేదు. ఆరాధన వేళలు చెప్పడానికి పెట్టించుకోండి. ప్రార్థన అవసరతలు స్వీకరించడానికి మాత్రం వద్దు. ఈ రెండింటి మధ్య గీత ఎందుకు గీయాలో ఇక్కడ వివరిస్తాము.

పది నిమిషాల పని అన్నమాట నిజమే. చాట్‌బాట్ అమ్మే కంపెనీ ఇచ్చిన నాలుగు వరుసల కోడ్‌ను మన పేజీలో అతికిస్తే చాలు, బొత్తాం ప్రత్యక్షమవుతుంది. అయితే ఆ బొత్తాం మన పేజీలో కనిపిస్తుందే గాని మన దగ్గర ఉండదు. ఎవరైనా అందులో ఒక వాక్యం రాస్తే అది మన మందిరం దాటి ఆ కంపెనీ సర్వర్‌కు పోతుంది. అక్కడి నుంచి చాలాసార్లు భాషా నమూనాను నడిపే మరో కంపెనీకి పోతుంది. తిరిగివచ్చిన జవాబు మన సంఘం పేరుతో, మన సిలువ గుర్తు పక్కన కనిపిస్తుంది. సంభాషణ మొత్తం ఒక డాష్‌బోర్డులో నిలవ ఉంటుంది. ఆ డాష్‌బోర్డు పాస్‌వర్డు ఎవరి దగ్గర ఉంది అని ఏ సంఘంలోనైనా అడిగి చూడండి. సైటు కట్టిన కుర్రవాడి దగ్గరే అని చెప్పే సంఘాలే ఎక్కువ ఉంటాయి. అతను ఉద్యోగం దొరికి బెంగళూరు వెళ్లిపోయి ఉంటాడు.

బాట్లలో రెండు రకాలున్నాయి. మొదటి రకంలో బొత్తాలుంటాయి: 'ఆరాధన సమయాలు', 'దారి', 'పాస్టరుగారి ఫోను'. ఏది నొక్కితే దానికి ముందే రాసిపెట్టిన జవాబు వస్తుంది. కొత్త మాట ఒక్కటీ రాదు. రెండో రకం చాట్‌జీపీటీ తరహాది. అది ఎదుటివారి మాటను బట్టి అప్పటికప్పుడు వాక్యాలు అల్లుతుంది. మన సైటులోని సమాచారం దానికి అందించి, అందులోంచే చెప్పమని అదుపు పెట్టవచ్చు. కానీ ఆ అదుపు గోడ కాదు, కంచె. బైబిలులో లేని వచనానికి కూడా అది గ్రంథం పేరు, అధ్యాయం, వచన సంఖ్య జతచేసి నమ్మకంగా చెప్పగలదు. బైబిలు సొసైటీ పాత అనువాదం చెవిలో నాటుకుపోయిన మన అమ్మమ్మలు ఒక పదం మారినా పట్టేస్తారు. నిన్నగాక మొన్న విశ్వాసంలోకి వచ్చిన పాతికేళ్ల కార్మికుడికి ఆ తేడా ఎలా తెలుస్తుంది?

తెలుగులో ఈ ఇబ్బంది మరికాస్త ఎక్కువ. కంప్యూటర్ లెక్కలో ఇంగ్లీషు అక్షరానికి ఒక బైటు సరిపోతే, యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు అక్షర సంకేతం ఒక్కొక్కటి మూడు బైట్లు తీసుకుంటుంది. చాలా భాషా నమూనాలు తెలుగు మాటను ఎక్కువ ముక్కలుగా విరగ్గొడతాయి, ఆ ముక్కల లెక్కనే బిల్లు వేస్తాయి. అదే సంగతి తెలుగులో అడిగితే ఖర్చు ఎక్కువ, జవాబు నాణ్యత తక్కువ. పైగా మనవాళ్లు తెలుగును ఇంగ్లీషు అక్షరాలతో టైపు చేస్తారు, మధ్యలో హిందీ కలుపుతారు. కంపెనీవాడు చూపించే డెమో ఎప్పుడూ ఇంగ్లీషులోనే ఉంటుంది. పెద్దలు ఈ ఒక్కటైనా గమనించాలి.

ఇప్పుడు బాధ్యత సంగతి. కెనడాలో ఒక ప్రయాణికుడు బామ్మ చనిపోయిందని ఎయిర్ కెనడా వెబ్‌సైటులోని చాట్‌బాట్‌ను అడిగాడు. టికెట్టు కొన్న తర్వాత 90 రోజుల్లోపు దరఖాస్తు చేసినా మరణ సందర్భపు రాయితీ వస్తుందని అది చెప్పింది. నిజానికి ఆ కంపెనీ నియమం అది కాదు. వివాదం బ్రిటిష్ కొలంబియాలోని సివిల్ రిజల్యూషన్ ట్రిబ్యునల్‌కు చేరింది. చాట్‌బాట్ తన మాటలకు తానే బాధ్యత వహించే వేరే చట్టబద్ధ అస్తిత్వమన్నట్టుగా కంపెనీ వాదించింది. 2024 ఫిబ్రవరిలో ట్రిబ్యునల్ ఆ వాదనను తోసిపుచ్చింది. వెబ్‌సైటులోని మామూలు పేజీ చెప్పినా, చాట్‌బాట్ చెప్పినా బాధ్యత కంపెనీదేనంది. చెల్లించమన్న మొత్తం చిన్నదే, వడ్డీ ఖర్చులతో కలిపి 800 కెనడా డాలర్లకు కాస్త పైన. సూత్రం మాత్రం పెద్దది. మన పేరుతో మాట్లాడే నోటికి మనమే జవాబుదారులం. విమాన టికెట్టు విషయంలో తప్పు చెబితే డబ్బు తిరిగి ఇచ్చేయవచ్చు. "మందులు ఆపేసి విశ్వాసంతో ఉండవచ్చా?" అని అడిగిన షుగర్ రోగికి తప్పు జవాబు వెళితే ఏం తిరిగి ఇస్తాము?

క్రైస్తవ ప్రపంచంలోనే జరిగిన సంగతి ఒకటుంది. అమెరికాలోని శాన్ డియాగో ప్రాంతంలో ఉన్న క్యాథలిక్ ఆన్సర్స్ అనే సంస్థ 2024 ఏప్రిల్‌లో 'ఫాదర్ జస్టిన్' అనే బొమ్మ గురువును తన సైటులో పెట్టింది. విశ్వాస సంబంధమైన సందేహాలు తీర్చడం దాని పని. గురువు దుస్తులు వేసుకున్న ఆ యానిమేషన్ బొమ్మ తాను నిజమైన గురువునని, ఇటలీలోని అస్సీసీలో ఉంటానని కొందరితో చెప్పింది. అత్యవసరంలో శీతల పానీయంతో బాప్తిస్మం ఇవ్వవచ్చని ఒకరికి సలహా ఇచ్చింది. పాపసంకీర్తనం విని క్షమాపణ కూడా పలికింది. విమర్శలు రావడంతో రెండు రోజుల్లోనే దాని దుస్తులు మార్చి, ఫాదర్ అన్న బిరుదు తీసేసి, ఉత్త 'జస్టిన్'ను చేశారు. సోషల్ మీడియా నవ్వుకుంది. మాకు నవ్వు రాలేదు. అనుభవం, వనరులు, వేదాంత పండితులు ఉన్న సంస్థకే అది అదుపు తప్పింది. మన సంఘాల్లో ఆ జవాబులు పరీక్షించేది ఎవరు? పాస్టరుగారు ఆదివారం మూడు ఆరాధనలు, మధ్యలో రెండు సమాధి కార్యక్రమాలు చూసుకుంటూ ఉంటారు.

అదే ఏడాది ఆగస్టులో స్విట్జర్లాండ్‌లోని లూసెర్న్ నగరంలో సెయింట్ పీటర్స్ చాపెల్ వారు పాపసంకీర్తన గదిలో కృత్రిమ మేధతో మాట్లాడే యేసు చిత్రాన్ని రెండు నెలలపాటు ఉంచారు. దాదాపు 900 సంభాషణలు నమోదయ్యాయి. దాని గురించి మాకు ఎన్ని అభ్యంతరాలున్నా ఒక మంచి పని చేశారని ఒప్పుకుంటాము. ఇది ప్రయోగమని, ఇది పాపసంకీర్తనం కాదని, సొంత వివరాలు చెప్పవద్దని ముందే హెచ్చరించారు. రెండు నెలలయ్యాక తీసేశారు. మన గుండ్రని బొత్తాం పక్కన అలాంటి హెచ్చరిక ఎక్కడుంది? "హాయ్, నేను గ్రేస్‌ని, మీ కోసం ప్రార్థించనా?" అని ఉంటుంది. యంత్రం "నేను మీ కోసం ప్రార్థిస్తున్నాను" అని రాయడం అబద్ధం. దాన్ని మందిరం పేరుతో చెప్పించడం ఇంకా పెద్ద అబద్ధం.

ఇక వచ్చేది అన్నిటికంటే బరువైన మాట. మన ప్రార్థన పెట్టెల్లో పడే చీటీలు ఎలా ఉంటాయో పరిచర్యలో ఉన్న ఎవరికైనా తెలుసు. చర్లపల్లి కేంద్ర కారాగారంలో ములాఖత్‌కు వచ్చిన భార్య భర్త పేరు, కేసు, వాయిదా తేదీ అన్నీ రాస్తుంది. తాగుడు మానలేని కొడుకు పేరు తల్లి రాస్తుంది. గర్భం నిలవని కోడలి గురించి అత్త రాస్తుంది. "ఈమధ్యే బాప్తిస్మం తీసుకున్నాను, ఇంట్లో తెలియదు" అని ఒక అమ్మాయి ఊరి పేరుతో సహా రాస్తుంది. ఆ చీటీ ఇప్పుడు ఏ దేశంలో ఉందో తెలియని సర్వర్‌లో నిలవ ఉంటుంది.

మన దేశంలో విశ్వాసం ఒప్పుకోవడానికి చట్టపరమైన ఖరీదు ఉంది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు షెడ్యూల్డు కులాల హోదాను హిందువులకు పరిమితం చేసింది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవులను చేర్చలేదు. 2025 ఏప్రిల్ చివర్లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు క్రైస్తవంలోకి మారినవారికి ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం రక్షణ వర్తించదని చెప్పింది. ఈ తీర్పు న్యాయమా అన్నది వేరే చర్చ. ఈ పరిస్థితుల్లో ఒక దళిత విశ్వాసి పేరు, ఫోన్ నంబరు, ఊరు, బాప్తిస్మం తేదీ ఒకేచోట రాతలో ఉండటమంటే ఏమిటో మన పాఠకులకు విడమరచి చెప్పనక్కర్లేదు. కాగితం చీటీని చదివి, ప్రార్థించి, చింపేయవచ్చు. డాష్‌బోర్డులో ఉన్నదాన్ని ఎవరు, ఎప్పుడు చింపుతారు?

డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం 2023లో వచ్చింది, దాని నియమాలు 2025 నవంబరులో వెలువడ్డాయి. ముఖ్యమైన బాధ్యతలు అమల్లోకి రావడానికి 18 నెలల గడువిచ్చారు. సమాచారం తీసుకునేముందు ఎందుకో చెప్పి సమ్మతి అడగాలి. ఆ నోటీసును ఇంగ్లీషులోగాని, రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులోని ఏ భాషలోగాని చదువుకునే వీలివ్వాలి, అంటే తెలుగులో కూడా. 18 ఏళ్లలోపు పిల్లల సమాచారానికి తల్లిదండ్రుల నిర్ధారిత సమ్మతి కావాలి. సండే స్కూలు పిల్లవాడు రాత్రి ఆ బాట్‌తో మాట్లాడితే ఈ నియమం సంఘాన్ని కూడా తాకుతుంది. విచిత్రం ఏమిటంటే మత విశ్వాసం, ఆరోగ్యం వంటి సున్నితమైన విషయాలకు ఈ చట్టం వేరే తరగతి పెట్టలేదు. ఫోన్ నంబరుకు ఎంత రక్షణో బాప్తిస్మానికీ అంతే. కాబట్టి చట్టం చూసుకుంటుందిలే అని కూర్చోవడానికి లేదు.

ఇంత చెప్పాక ఎదుటి వాదన కూడా వినాలి, ఎందుకంటే అందులో బలం ఉంది. ఆ వాదన కంపెనీలది కాదు, మన విశ్వాసులదే. "పాస్టరుగారితో చెబితే పాస్టరమ్మగారికి తెలుస్తుంది, పాస్టరమ్మగారికి తెలిస్తే ఆదివారానికి స్త్రీల కూడిక అంతటికీ తెలుస్తుంది. యంత్రం ఎవరికీ చెప్పదు కదా" అంటారు. కొన్నిసార్లు మన ఉపవాస ప్రార్థనల్లో ఒకరి ఇంటి గుట్టును "ప్రార్థన అవసరత" అన్న పేరుతో మైకులో చదివేస్తారు. పేరు చెప్పకపోయినా ఎవరి గురించో అందరికీ తెలుస్తుంది. సాక్ష్యం చెప్పమని బలవంతపెట్టి, తర్వాత ఆ సాక్ష్యాన్నే యూట్యూబ్‌లో పెట్టేవారున్నారు. ఇలాంటిచోట దెబ్బతిన్న మనిషి తెర ముందు కూర్చుని మాట్లాడుకుంటే తప్పు ఆ మనిషిది కాదు.

ఇది కొత్త సంగతీ కాదు. ఎం.ఐ.టి.లో జోసెఫ్ వైజెన్‌బామ్ అనే శాస్త్రవేత్త 1966లో 'ఎలైజా' అనే చిన్న ప్రోగ్రాము గురించి ప్రకటించాడు. ఎదుటివారి మాటనే ప్రశ్నగా తిప్పి అడగడం తప్ప దానికి ఏమీ రాదు. అది ఉత్త ప్రోగ్రామని తెలిసి కూడా ఆయన కార్యదర్శి దానితో మాట్లాడుతూ, కాసేపు గది బయటికి వెళ్లమని ఆయన్నే కోరింది. ఆయన అందుకు కలవరపడి, మిగతా జీవితమంతా ఈ నమ్మకం గురించి హెచ్చరిస్తూనే ఉన్నాడు. వినేవాడు కావాలన్న ఆకలి అంత గట్టిది. ఆ ఆకలిని మనం తీర్చలేకపోయామని చాట్‌బాట్ మనకు చూపిస్తోంది. అంతమాత్రాన రొట్టె అడిగినవాడి చేతిలో రొట్టె బొమ్మ పెట్టలేం.

యోహాను సువార్త 10వ అధ్యాయం కాపరికి, జీతగాడికి తేడా చెబుతుంది. తోడేలు వచ్చినప్పుడు ఎవరు నిలబడతారు, ఎవరు పారిపోతారు అన్నదే ఆ తేడా. యంత్రం పారిపోదు నిజమే, కానీ నిలబడదు కూడా. దానికి గొఱ్ఱె పేరు తెలియదు. పోయిన వారం ఏడ్చిన సంగతి గుర్తుండదు, గుర్తుంచుకుంటే అది డేటా. అపొస్తలుల కార్యములు 8లో ఐతియొపీయుడు చదువుతున్నది అర్థంకాక అడిగినప్పుడు ఫిలిప్పు దారి పక్కన నిలబడి జవాబు చెప్పి పంపలేదు, రథమెక్కి పక్కన కూర్చున్నాడు.

ప్రాణం మీదికి వచ్చే సందర్భాల్లో ఈ తేడా మరీ కఠినంగా కనిపిస్తుంది. అమెరికాలో తిండి సంబంధిత మానసిక రుగ్మతల కోసం పనిచేసే నేడా అనే జాతీయ సంస్థ 2023లో రెండు దశాబ్దాలకు పైగా నడిచిన హెల్ప్‌లైన్‌ను మూసేసే నిర్ణయం తీసుకుంది. 'టెస్సా' అనే చాట్‌బాట్‌ను అందుబాటులో ఉంచింది. ఆ బాట్ అలాంటి రోగులకే బరువు తగ్గే చిట్కాలు చెప్పింది. మే నెలాఖరులో దాన్ని ఆపేశారు. 2025 ఆగస్టులో కాలిఫోర్నియాలో ఆత్మహత్య చేసుకున్న 16 ఏళ్ల అబ్బాయి తల్లిదండ్రులు చాట్‌జీపీటీ తమ కొడుకును ఆ దారి నుంచి మళ్లించకపోగా ప్రోత్సహించిందంటూ ఓపెన్‌ఏఐ మీద దావా వేశారు. న్యాయస్థానంలో ఏది తేలినా, పరీక్షల్లో తప్పిన పిల్లలు, అప్పుల యాప్‌ల వేధింపుల్లో చిక్కినవాళ్లు రాత్రి రెండు గంటలకు మన మందిరం పేజీ తెరిచే రోజులివి. వాళ్లకు కావలసింది మనిషి గొంతు. ప్రభుత్వం 2022 అక్టోబరు 10న మొదలుపెట్టిన టెలి మానస్ 14416 నంబరులో తెలుగులో కూడా, రాత్రీపగలూ, ఉచితంగా మాట్లాడతారు. ఈ నంబరు మన మందిరాల వెబ్‌సైట్లలో, నోటీసు బోర్డుల మీద ఎన్నిచోట్ల ఉంది?

మరి పెద్దలు ఏం చేయాలి? బొత్తాల రకం బాట్ పెట్టుకోండి. తెలుగు ఆరాధన ఎన్ని గంటలకు, హిందీ ఆరాధన ఉందా, చర్లపల్లి టెర్మినల్ నుంచి ఏ దారిలో రావాలి, శుక్రవారం కూడిక ఎవరింట్లో: ఇవన్నీ అది చెప్పవచ్చు. పైన పెద్ద అక్షరాలతో "ఇది యంత్రం" అని రాయండి. దానికి మనిషి పేరు, పాస్టరుగారి ఫోటో పెట్టవద్దు. వచనాలు, వైద్యం, పెళ్లి, బాప్తిస్మం గురించి ఎవరైనా రాస్తే అది ఫోన్ నంబరు ఇచ్చి ఆగిపోవాలి. సంభాషణలు ఎన్ని రోజులు నిలవ ఉంటాయో కంపెనీని రాతపూర్వకంగా అడగండి. వీలైనంత తక్కువ రోజులు పెట్టించండి. పాస్‌వర్డు సంఘ కార్యదర్శి దగ్గర ఉంచండి. మా పత్రిక వెబ్‌సైటులో ప్రార్థన అవసరతల పేజీకి చాట్‌బాట్ పెట్టబోమని కూడా ఇక్కడే చెప్పేస్తున్నాము.

ప్రార్థన అవసరతలకు ఒక ఫోను పెట్టండి. బాట్‌కు నెలనెలా కట్టే డబ్బుతో ఒక మామూలు ఫోను, ఒక సిమ్ము వస్తాయి. ఇద్దరు సహోదరులు, ఇద్దరు సహోదరీలు వంతులు వేసుకోవాలి. నాచారం, చర్లపల్లి ఫ్యాక్టరీల్లో రెండో షిఫ్టు దిగేవాళ్లు ఇంటికి చేరేవేళ దాకా ఎవరో ఒకరు ఎత్తాలి. ఆ నలుగురినీ ఎన్నుకునేటప్పుడు బాగా ప్రార్థించేవారెవరని కాదు, విన్నమాట బయటపెట్టనివారెవరని చూడండి. మూడు నెలలయ్యాక ఎంతమంది ఫోన్ చేశారో (పేర్లు వద్దు, లెక్క చాలు) కమిటీ ముందు పెట్టండి. చాట్‌బాట్ విషయం అప్పుడు మళ్లీ మాట్లాడుకోవచ్చు.